మా పొయ్యి, మా బరువు

"మీవాళ్ళు బిర్యానీ మానరు కదా భాయ్, ఇంక బరువు ఎట్లా తగ్గుతుంది?"

ప్రొద్దుటూరులో ఒక డాక్టరు గారు మాతో అన్న మాట ఇది. ఆయన చెడ్డవాడు కాదు. మా అబ్బాకు ఆయాసమొస్తే రాత్రి పన్నెండు గంటలకు లేచి తలుపు తీసినవాడు. నవ్వుతూనే అన్నాడు. మేమూ నవ్వాం. బయటికొచ్చి మందుల అంగడి ముందు నిలబడ్డాక కోపం వచ్చింది. మా కోపాలన్నీ అంతే, ఒక మెట్టు దిగాక వస్తాయి.

మా బరువు 94 కిలోలు. ఎత్తు 5 అడుగుల 6 అంగుళాలు. ఈ ఎత్తుకు మన దేశపు లెక్కలో 65 కిలోలు దాటితే ఎక్కువే. మూడు నెలల చక్కెర సగటు 6.1 వచ్చింది. ఇంకా జబ్బు కాదు, కానీ జబ్బు వాకిట్లో నిలబడి ఉంది. డాక్టరు చెప్పినదాంట్లో ఈ అంకెలన్నీ నిజమే. బిర్యానీ మాత్రం అబద్ధం.

మా ఇంట్లో బిర్యానీ వండేది ఏడాదికి నాలుగైదు సార్లు. రెండు పండగలకు, చుట్టాలొచ్చినప్పుడు. తక్కిన రోజులు మీరు తినేదే. పొద్దున ఉగ్గాని లేదంటే కారం దోసె. మధ్యాహ్నం తెల్లన్నం, ఖట్టీ దాల్, ఏదో ఒక కూర. రాత్రికీ అదే. ఆదివారం చికెన్, అదీ ఐదుగురికి ఒక కిలో. మరి 94 కిలోలు ఎక్కడివి? మూడు పూటలా తెల్లన్నానివి. తిరగమోతలో పడే నూనెవి. పత్రికాఫీసులో రాత్రి వార్తలు దిద్దుతూ తిన్న మిరపకాయ బజ్జీలవి, చక్కెర వేసిన ఆరు టీలవి. ఆ బజ్జీలు మాతో కలిసి తిన్న రెడ్లు, శెట్లు, మాదిగ సోదరులు కూడా మాలాగే లావెక్కారు. వాళ్ళను ఏ డాక్టరూ "మీవాళ్ళు" అని ఉండడు. వాళ్ళ లావు వాళ్ళ సొంతం. మా లావు మాత్రం మా కౌముది.

ఆ కోపంలోనే డబ్బా కట్టించుకున్నాం.

ఇప్పుడు మా ఊళ్ళోనూ డైట్ భోజనం ఇంటికి పంపేవాళ్ళున్నారు. బెంగుళూరు, హైదరాబాదుల్లో పెద్ద కంపెనీలు చేసే పని ఇక్కడ చిన్న వంటిళ్ళు చేస్తున్నాయి. నెలకు ముందే డబ్బు కట్టాలి. మేము 6,500 రూపాయలు కట్టాం. రెండు పూటల డబ్బా. ఒక గుప్పెడు కొర్రన్నం, ఉడికించిన కూరగాయలు, కీరకాయ ముక్కలు, పప్పు లేదా గుడ్డు. మాంసాహారం కావాలంటే 100 గ్రాముల చికెన్.

ఫోనులో ఆ అమ్మాయి అడిగింది: "వెజ్జా, నాన్ వెజ్జా సార్?"

చికెన్ ఎక్కడ కోయిస్తారు అని అడగాలి మేము. జబా చేసిందేనా అని ఒక్క మాట. ఏళ్ళ తరబడి మంత్రుల్ని ప్రశ్నలడిగిన నోరు మాది. ఆ ఒక్క ప్రశ్న రాలేదు. 2022లో పక్కనే కర్ణాటకలో ఉగాది ముందర హలాల్ మాంసం కొనొద్దని ఎంత రాద్ధాంతం చేశారో చూశాం. ఆ మాట నోటి నుంచి వస్తే ఆ అమ్మాయి గొంతు మారుతుందేమో అనిపించింది. మారకపోవచ్చు. కానీ మేము పరీక్ష పెట్టదల్చుకోలేదు.

"వెజ్" అన్నాం.

అట్లా, బిర్యానీ మానని జాతి మనిషి వాళ్ళ జాబితాలో పచ్చచుక్క పక్కన చేరాడు. ఇంట్లో చెబితే పిల్లలు పడిపడి నవ్వారు. అమ్మీ మాత్రం నవ్వలేదు. "పూఛ్‌నా థా నా బేటా" అంది. అడగాల్సింది కదా అని.

డబ్బా తెచ్చేవాడికి ఇరవై రెండేళ్ళుంటాయి. జమ్మలమడుగు వైపు పిల్లోడు, మనవాడే. డిగ్రీ మధ్యలో ఆపేశాడు. మూడో రోజు నుంచి "సలామ్ చాచా" అనడం మొదలుపెట్టాడు. అంతకు ముందు "నమస్తే సార్" అనేవాడు. గడపలో పేరు పలక చూసిన తర్వాత మారాడు. పలక లేని ఇళ్ళకాడ ఏమంటావురా అంటే, "గుడ్ మార్నింగ్ అంటా చాచా, అది యాడైనా నడుస్తాది" అన్నాడు.

వాడి జాగ్రత్తకు కారణం ఉంది. 2019 జూలై చివర జబల్‌పూరులో ఒకాయన, తిండి తెచ్చేవాడు హిందువు కాదని తెలిసి జొమాటోలో ఆర్డరు రద్దు చేసి, దాన్ని గొప్పగా చాటుకున్నాడు. తిండికి మతం లేదని ఆ కంపెనీ జవాబిచ్చింది. అదే ఏడాది అక్టోబరులో మన హైదరాబాదులో ఒకాయన చికెన్ తెప్పించుకుని, తెచ్చినవాడు ముస్లిమని తీసుకోలేదు. పోలీసులదాకా పోయింది. 2024 జూలైలో కావడి యాత్ర దారిలో ప్రతి తిండి అంగడీ యజమాని పేరు బయట రాయాలని ముజఫర్‌నగర్ పోలీసులు ఆదేశించారు. తర్వాత ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం దాన్ని యాత్ర దారి పొడవునా పెట్టింది. జూలై 22న సుప్రీం కోర్టు ఆపింది. తిండి ఏం అమ్ముతున్నారో రాయండి చాలు, ఎవరమ్ముతున్నారో రాయమని బలవంతం చేయొద్దంది. కోర్టు ఆపింది, సంతోషం. కానీ కోర్టు దాకా పోవాల్సిన విషయమా అది? 2015 సెప్టెంబరులో దాద్రి దగ్గర అఖ్లాక్‌ను చంపాక, మాంసాన్ని పరీక్షకు పంపారు. అప్పటినుంచి మా ఇళ్ళలో ఫ్రిజ్ తలుపు తీసేటప్పుడు కూడా ఒక ఆలోచన వస్తుంది. ఆ ఆలోచనకు ఎన్ని కెలరీలో ఏ డైట్ పుస్తకంలోనూ లేదు.

ఆ పిల్లోణ్ణి ఒకసారి అడిగాం, నువ్వెప్పుడు తింటావురా అని. "మూడు దాటాల చాచా. అప్పటిదాకా టీ, బన్ను." మేము తక్కువ తినడానికి డబ్బు కడుతున్నాం. ఆ తక్కువ మోసుకొచ్చేవాడు ఆకలితో బండి తోలుతున్నాడు. ఈ ముక్క రాయకుండా డబ్బా గురించి రాస్తే అన్యాయం.

డబ్బాను తిట్టడానికి కూచోలేదు మేము. నెలలో 4 కిలోలు తగ్గాం. 94 నుంచి 90. డబ్బా మాకు మూడు మంచి పనులు చేసింది. పూటకు ఎంతో కొలిచిపెట్టింది. వేళకు తినిపించింది. రెండోసారి వడ్డించుకోకుండా చేసింది, ఎందుకంటే వడ్డించుకోవడానికి అందులో ఏమీ ఉండదు. హైదరాబాదు తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. వాళ్ళు 2024 మేలో 17 సూచనలతో ఒక పుస్తకం తెచ్చారు. పెద్ద మనిషికి రోజుకు 2,000 కెలరీల కంచంలో నూనె, కొవ్వు కలిపి 27 గ్రాములన్నారు. ఆ లెక్కన ఐదుగురున్న మా ఇంటికి నెలకు నాలుగు కిలోలు. మా ఇంటికి వచ్చేవి ఏడు ప్యాకెట్లు. అప్పుడు కానీ మాకు తెలిసిరాలేదు, మా బిర్యానీ ఆ నూనె ప్యాకెట్లలో ఉందని.

డబ్బాలో కొర్రన్నం చూసిన రోజు మాత్రం చాలాసేపు తినలేకపోయాం.

మా నానీమాది జమ్మలమడుగు దగ్గర పల్లె. పెన్నా ఒడ్డున నల్లరేగడి. ఆమె చిన్నతనంలో కొర్రలు, జొన్నలే తిండి. వరన్నం పండక్కి. కొర్రన్నాన్ని ఇంట్లో "రాలే కా ఖానా" అనేవాళ్ళు, అంబాడే సాలన్‌తో, అంటే మన గోంగూర పులుసుతో తినేవాళ్ళు. ఎవరైనా వస్తే ఆ గిన్నె లోపలికి పోయేది. పేదతనం కనబడకూడదని. 1983లో ఎన్టీ రామారావు ప్రభుత్వం రెండు రూపాయలకు కిలో బియ్యం ఇచ్చాక మా ఇళ్ళలో రోజూ తెల్లన్నం ఉడికింది. ఆ అన్నాన్ని మేము తప్పు పట్టం. ఆకలి తీర్చిన అన్నం అది. కానీ ఆ తెలుపుతో పాటు మాకు ఒక గర్వం వచ్చింది. కొర్రలు తినేవాడు మాకంటే తక్కువవాడు అయిపోయాడు. నానీమా గిన్నె మూలకు పోయింది. ఇప్పుడు అదే గింజ "మిల్లెట్ మీల్" అని చీటీ అంటించుకుని మా గడప తొక్కింది.

ఈ కొర్రల్ని మళ్ళీ దేశం ముందు పెట్టిన మనిషి ఎవరు? డాక్టర్ ఖాదర్‌వలీ. మా ప్రొద్దుటూరు ఆయనే. మైసూరులో స్థిరపడ్డారు. కొర్రలు, సామలు, ఊదలు, అరికెలు, అండుకొర్రలు అని ఐదు గింజల పేర్లు ఇంటింటా పలికించారు. 2023లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. అది ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించిన ఏడాది కూడా. పద్మ జాబితాలో ఆయన పేరు ఖాదర్‌వలీ దూదేకుల.

ఆ చివరి మాట దగ్గర మేము ఆగాలి. దూదేకులవాళ్ళు ఇంట్లో తెలుగు మాట్లాడే ముస్లింలు. ఉర్దూ మాట్లాడే మాలాంటివాళ్ళం వాళ్ళను ఏమన్నామో, ఎంత దూరం పెట్టామో, పెళ్ళిసంబంధం మాట వస్తే ఎట్లా మొహం తిప్పుకున్నామో మాకు తెలుసు. ఉర్దూ రాదని వాళ్ళను సగం ముస్లింలన్నాం. "మీవాళ్ళు" అని డాక్టరు అంటే మాకు మండింది. మేము ఎంతమందిని "వాళ్ళు" అన్నామో లెక్క తీస్తే తూకం మా మీదికే మొగ్గుతుంది. కొర్రల్నీ దూదేకుల్నీ ఒకే చూపుతో చూసిన ఇల్లు మాది. ఇప్పుడు కొర్రలు డబ్బాలో వచ్చాయి, ఆ పేరు పద్మశ్రీలో వచ్చింది.

అట్లని కొర్రలు తింటే అన్ని జబ్బులూ పోతాయని మేము రాయం. కెలరీల్లో బియ్యానికీ కొర్రలకూ పెద్ద తేడా లేదు. తెల్లబియ్యం కంటే కొర్రల్లో పీచు ఎక్కువ, కడుపు తొందరగా నిండుతుంది, అంతే. రెండు గరిటెలు తినాల్సినచోట నాలుగు గరిటెలు తింటే కొర్రలూ లావెక్కిస్తాయి.

ఇంక పులివెందుల సంగతి. డబ్బా కట్టించుకున్న మూడో వారం అక్కడ మా ఇంటావిడ ఖాలా ఇంట్లో చిన్న దావత్. డబ్బా పూట తప్పకూడదని మేము దాన్ని సంచిలో పెట్టుకుని బస్సెక్కాం. దస్తర్‌ఖాన్ పరిచారు. నలుగురికి ఒక పెద్ద తట్ట, అందులో బగారా ఖానా, దాల్చా. నాలుగు చేతులు ఒకే తట్టలో. మేము పక్కన కూచుని ప్లాస్టిక్ డబ్బా మూత తీశాం. ఆ చప్పుడుకు అందరూ తిరిగి చూశారు.

ఖాలాకు డెబ్బై దాటాయి. ఒక నిమిషం చూసింది. "క్యా బేటా, హమారే హాథ్ కా ఖానా నక్కో?" అంది.

మా చేతి తిండి ఒద్దా అని. కోపంగా అనలేదు. అందుకే బాధేసింది. చిన్నప్పుడు మా ఇంటికొచ్చి, చాపమీద కూచుని, నీళ్ళు కూడా తాగకుండా "ఇప్పుడే తినొచ్చినాంలే" అని లేచిపోయిన పెద్దమనుషుల్ని మేము చూశాం. ఆ మాట వెనక ఏముందో పదేళ్ళ వయసులోనే తెలిసింది. ఆరోజు పులివెందులలో మేము అదే చేశాం. కారణం వేరు కావచ్చు. చూసేవాళ్ళకు మూత చప్పుడొక్కటే.

డబ్బా మూసి తట్ట దగ్గరికి జరిగాం. ఖాలా మాకు దాల్చా ఎక్కువ, అన్నం తక్కువ పెట్టింది. తర్వాత లోపలినుంచి జొన్నరొట్టె ఒకటి, చుక్కకూర పప్పు తెచ్చింది. ఆమెకు పదిహేనేళ్ళుగా షుగర్. ఎవరికి ఏం పెట్టాలో మా డబ్బావాళ్ళకంటే ఆమెకే బాగా తెలుసు. మేమే అడగలేదు. కడుపులో మూడో వంతు తిండికి, మూడో వంతు నీళ్ళకు, మూడో వంతు ఊపిరికి అని ప్రవక్త చెప్పినట్టు చిన్నప్పుడు మదర్సాలో విన్నాం. ఆ కొలత నేర్చుకోవడానికి 6,500 కట్టాల్సి వచ్చింది.

నెలయ్యాక డబ్బా ఆపేశాం. మళ్ళీ ఇంటి తిండి. రెండు నెలల్లో 3 కిలోలు తిరిగొచ్చాయి. 93. డబ్బా మాకు తినడం నేర్పింది కానీ వండడం నేర్పలేదు. గిన్నె మారలేదు, గరిటె మారలేదు, నూనె పోసే చెయ్యి మారలేదు.

"అయితే ఇంట్లోనే డైట్ వంట మొదలుపెడదాం" అన్నాం ఒక రాత్రి. "ఇంటి వంటను మించింది లేదు. మేము ఎన్నిసార్లు రాయలేదు!"

మా ఇంటావిడ కూరగాయలు తరుగుతోంది. తలెత్తకుండా అడిగింది: "మొదలుపెడదాం అంటే ఎవరు జీ? మీరు వండుతారా?"

పత్రికలో పనిచేసినవాళ్ళకు మేము అనడం అలవాటు. సంపాదకీయంలో మేము అంటే రాసేది ఒక్కడే, కానీ ఊరంతా ఉన్నట్టు వినబడుతుంది. ఈ వ్యాసంలోనూ ఇప్పటిదాకా "మా ఇంట్లో వండుతాం, మేము తింటాం" అనే రాశాం. తినడంలో మేము ఉన్నాం. వండడంలో ఆమె ఒక్కతే ఉంది.

ఆమె ఇంకో మాట చెప్పింది. డబ్బా వచ్చిన నెల రోజులూ ఆమెకు బాగుందట. మాకు విడిగా ఉప్పు తక్కువ, కారం తక్కువ చేసే పని లేదు. మధ్యాహ్నం గంటసేపు నడుం వాల్చింది. ఉర్దూ పత్రిక మొదటినుంచి చివరిదాకా చదివింది. మేము డబ్బాను బరువుతో కొలిచాం. ఆమె గంటలతో కొలిచింది.

ఆ రాత్రి మాకు తట్టిన ప్రశ్న ఇది: ఆమె బరువెంత?

తెలియదు. ఇరవై ఏళ్ళ కాపురంలో కాన్పులప్పుడు తప్ప ఆమెను ఎవరూ తూచలేదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21లో చేసినప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో మగవాళ్ళకంటే ఆడవాళ్ళలోనే అధిక బరువు ఎక్కువని తేలింది. ఆడవాళ్ళలో మూడో వంతుకు పైనే. ఆ వార్త మేమే దిద్దాం. శీర్షిక కూడా మేమే పెట్టాం. వంటింట్లోకి తొంగిచూడలేదు.

మా ఇళ్ళలో ఆడవాళ్ళు చివర్న తింటారు. గిన్నెలో మిగిలింది పారేస్తే గునా, పాపం. పిల్లలు వదిలిన అన్నం, అడుగంటిన దాల్చా, రెండోపూటకు మిగలని కూర, అన్నీ ఆమె కంచంలోకే పోతాయి. వేళ ఉండదు, కొలత ఉండదు. మేము డబ్బా తిన్న నెలలో మా వాటా కూడా వండి, మిగిలితే ఆమే తిన్నది. మా 4 కిలోలు ఎక్కడికి పోయాయో ఇంకెవరినీ అడగనక్కర్లేదు.

మరుసటి వారం ఇద్దరం పోయి రక్తం ఇచ్చాం. మాది 6.2. ఆమెది 7.8. 6.5 దాటితే జబ్బే. ఎన్నాళ్ళనుంచి ఉందో. కాళ్ళు మంటలంటే నిలబడి వండినందుకేమో అనుకున్నాం. అరికాలికి కొబ్బరినూనె రాసుకోమన్నాం.

కాగితం చూసి ఆమె ఏడవలేదు. "చూశారా, మీకంటే నాకే ఎక్కువ మార్కులు" అంది. మేము తల దించుకున్నాం.

అది జరిగి ఏడాది దాటింది. ఇప్పుడు మా పద్ధతి చెబుతాం, ఎవరికైనా పనికొస్తే చూడండి. పొద్దున వంట ఆమెది, రాత్రి వంట మాది. మొదటి నెల మేము చేసిన ఖట్టీ దాల్ పిల్లలు ముట్టలేదు, ఇప్పుడు తింటున్నారు. నూనె నెలకు నాలుగు ప్యాకెట్లు, ఐదోది తేవడం లేదు. పొయ్యి పక్కన చెంచా పెట్టుకున్నాం, సీసాతో వంచడం మానేశాం. కొర్రలు వారానికి మూడు రోజులు, అంబాడే సాలన్‌తో, నానీమా చేసినట్టే. అందరం ఒకేసారి కూచుంటాం. మిగిలింది ఫ్రిజ్‌లోకి పోతుంది, ఆమె కంచంలోకి కాదు. రంజాన్‌లో మసీదు గంజి, ఖర్జూరం, పండ్లు. సమోసాలు శుక్రవారాలు మాత్రమే, ఎందుకంటే పూర్తిగా మానేయడానికి మేము ఔలియాలం కాదు.

డబ్బాను పూర్తిగా వదల్లేదు. మంగళవారం, గురువారం మా వీధిలో ఒకావిడ ఇద్దరికీ వండి పంపుతుంది. భర్త పోయిన మనిషి. స్టీలు క్యారియర్. మాంసం ఎక్కడ కోయించిందో అడగాల్సిన పని లేదు. ఉప్పు ఎక్కువైతే చెబుతాం, ఊరుకుంటుంది, మరుసటి వారం సరిచేస్తుంది. ఆ రెండు రోజులు ఇంట్లో పొయ్యి వెలిగించం. బయటి వంటా ఇంటి వంటా అని వాదించుకునేవాళ్ళకు మేము చెప్పేది ఒకటే: ఆ వాదన మధ్యలో ఒక మనిషి నిలబడి వండుతోంది. ముందు ఆమెను కూచోబెట్టండి, తర్వాత మాట్లాడదాం.

మొన్న మళ్ళీ అదే డాక్టరు గారి దగ్గరికి పోయాం. మాది 86 కిలోలు. ఆమె 5 కిలోలు తగ్గింది, చక్కెర 6.8కి దిగింది. ఆయన సంతోషపడ్డాడు. "బిర్యానీ మానేసినట్టున్నారే" అన్నాడు.

ఈసారి మెట్టు దిగేదాకా ఆగలేదు. "బిర్యానీ ఎప్పుడూ పెద్దగా లేదు సార్. బజ్జీలు మానేశాం. నూనె తగ్గించాం. రాత్రి వంట నేర్చుకున్నాం" అన్నాం. ఆయన కొంచెంసేపు మా మొహం చూశాడు. "సారీ భాయ్, అలవాటుగా వచ్చేసింది" అన్నాడు. తర్వాత మాకు కాకుండా ఆమెకు ఎదురుగా కుర్చీ జరుపుకుని, "మీరు చెప్పండమ్మా, రోజూ ఏం తింటున్నారు?" అని అడిగాడు.

ఆమె చెప్పడం మొదలుపెట్టింది. తెలుగులో, మధ్యమధ్య ఉర్దూలో. చాలాసేపు చెప్పింది. మేము మధ్యలో మాట్లాడలేదు.